తెరిచిపెట్టిన సంబంధాలు

సూర్యాపేటల ఈదయ్య అంటే ఏ ఈదయ్య అని ఎదురు అడుగుతరు. పెండ్లిళ్ల ఈదయ్య అంటే మటుకు కొత్త బస్టాండు కాడ చాయ్ పోసేటాయన గిన్నె కింద పెట్టి మరీ తొవ్వ చూపెడతడు. ముప్పై ఏండ్ల సంది ఆయనది ఒక్కటే పని. పిల్లగానికి పిల్లను, పిల్లకు పిల్లగాన్ని చూసిపెట్టుడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడూళ్ల నడిమిట్ల ఆయన చాయ్ తాగని ఇల్లు లేదు, ఆయన రాంగనే కుర్చీ తుడిచి వెయ్యని తల్లిదండ్రి లేరు.

ఒకప్పుడు స్కూటర్ హ్యాండిల్‌కు సంచి తగిలించుకొని తిరిగెటోడు. సంచి నిండ పోటువలు, బయోడేటా కాయితాలు. వానల తడిస్తే రెండు సంబంధాలు ఒకదానికొకటి అంటుకపోయేటియి, పిల్ల మొకం మీద పిల్లగాని మీసం అచ్చుపడేది. ఇప్పుడు గా పరేషాన్ లేదు. ల్యాప్‌టాప్ వచ్చింది, పెండ్లిళ్ల వెబ్‌సైట్లు వచ్చినయ్. ఒక్కో పిల్ల పేజీ ఒక్కో ట్యాబుల తెరిచి, కండ్లద్దాలు నొసటి మీదికి ఎత్తి ఈదయ్య చూసుడు మొదలుపెట్టిండు. తెరుసుడు వారంల నేర్చుకున్నడు. మూసుడు నేర్చుకోలే.

నేర్చుకోలే అంటే రాదని కాదు, మనసొప్పదు. ఎందుకొప్పదో తెలియాలంటే మా దిక్కు సంబంధాలు చూసే రివాజు జర ఎరుకుండాలె. మా దిక్కు పెండ్లిచూపులల్ల ‘వద్దు’ అనే మాట లేదు. పిల్ల ఎత్తు తక్కువున్నా, పిల్లగాని నెత్తి మీద వెంట్రుకలు తక్కువున్నా, ఇంటి ముందట మోరీ కాలువ వాసనొచ్చినా, ఎవ్వలూ వద్దనరు. చాయ్ తాగుతరు, మిక్చరు పళ్లెం ఖాళీ జేస్తరు, గడప దాటి చెప్పులేసుకుంట ‘మాట్లాడుకొని చెప్పి పంపిస్తం’ అంటరు. కోదాడ దిక్కయితే ‘ఆలోచించుకుని కబురు పంపుతామండీ’ అంటరు. మర్యాద ఒక పిడికెడు ఎక్కువ, అంతే. కబురు మటుకు రెండు దిక్కులా రాదు.

రాని కబురును అందరూ నెల రోజులల్ల అర్థం చేసుకొని వేరే సంబంధం చూసుకుంటరు. ఈదయ్య ఒక్కడే చేసుకోడు. వద్దు అనే మాట చెవులకు వినపడేదాంక సంబంధం బతికే ఉన్నట్టు ఆయన లెక్క. దానికి తోడు ఆయనకు నోటి పట్టింపు ఎక్కువ. ఇంట్లకెళ్లి బయల్దేరితే ‘పోతున్న’ అనడు, ‘వస్త’ అంటడు. దీపం ఆరిందనడు, కొండెక్కిందంటడు. గసుంటి మనిషి, మంచిగ చీర కట్టుకొని నగుకుంట కూసున్న పెండ్లిపిల్ల నెత్తి మీది ఎక్స్ గుర్తును ఒత్తుతడా? ఒత్తడు. ట్యాబు అట్లనే ఉంటది, పక్కన ఇంకోటి తెరుస్తడు.

గట్ల తెరవంగ తెరవంగ ట్యాబులు దువ్వెన పండ్ల లెక్క సన్నబడ్డయ్. మీద పేర్లు కనపడవు. అయినా ఈదయ్యకు ఏది యాడున్నదో ఎరుకే, ఎందుకంటే ఆయన వాటిని బస్సు తొవ్వ లెక్క పేర్చుకున్నడు. ఎడమ చివర సూర్యాపేట. ఆడికెళ్లి హైవే పట్టుకొని మునగాల, కోదాడ. కోదాడ కాడ మలిగి హుజూర్‌నగర్, నేరేడుచర్ల. కుడి చివర మిర్యాలగూడ. ఎవలన్న ఫోన్ చేసి టీచర్ పిల్ల ఉన్నదా అంటే, వేలు తెర మీద జరుపుకుంట ‘మునగాల దాటినంక ఒకామె ఉండాలె, ఆగు’ అనెటోడు. పాత కండక్టర్లకు సుత గంత గురి ఉండదు.

ల్యాప్‌టాపులు రిపేరు చేసే కార్తీక్ అని ఒక పిల్లగాడున్నడు, పెండ్లయి ఇద్దరు పిల్లలు, వాని సంబంధం సుత ఈదయ్య చూసిందే. ఆ రుణం కొద్ది ఒకసారి ట్యాబులను గుంపులు చేసుడు నేర్పిండు. గుంపుకు పేరు పెట్టుకోవచ్చు, రంగు పెట్టుకోవచ్చు, మీద ఒత్తితే గుంపు గుంపంత ముడుసుకుంటది. ఈదయ్య సంబురపడి ‘ఖాయమైనయ్’ అని ఒక ఆకుపచ్చ గుంపు, ‘చెప్పి పంపిస్తమన్నయ్’ అని ఒక పసుపు గుంపు పెట్టిండు. నెల తిరిగేసరికి ఆకుపచ్చ గుంపుల ఒక్క పురుగు లేదు. మూడూళ్ల పెండ్లికాని లోకమంత పసుపు గుంపుల వచ్చి కూసున్నది. ‘వద్దన్నయ్’ అని ఇంకో గుంపు పెట్టుకో కాకా అన్నడు కార్తీక్. వద్దని ఎవలన్నరురా అన్నడు ఈదయ్య. కార్తీక్ ల్యాప్‌టాపు మూతేసి చేతికిచ్చిండు.

ఇగ ల్యాప్‌టాపు ఆపుడనేది లేదు. మూత పెట్టుడే. మూత పెడితే సంబంధాలు నిద్రపోతయ్, తీస్తే లేస్తయ్, గంతే. అప్‌డేట్ చెయ్యమని అది అడిగినప్పుడల్లా ‘తర్వాత’ అని ఒత్తుడు. కరెంటు గంటలకొద్ది పోతే ట్యాబులు పోతయని ఇంటికి ఇన్వర్టరు కొన్నడు. ఫ్యాన్‌కు పెట్టలే, ఫ్రిజ్‌కు పెట్టలే. ఎండకాలం కరెంటు పోతే ఆయన భార్య అహల్య చేటతోని ఇసురుకుంట, చల్లగ వెలుగుతున్న ఆ తెరను చూసి, దానికున్న సుఖం నాకు లేదని కొంగు దులుపుకునేది.

అహల్య కోపం ఇన్వర్టరు మీద కాదు. కొడుకు మీది బెంగ అది. ఊరందరికి పెండ్లిళ్లు జేసిన ఈదయ్య సొంత కొడుకు రవి ముప్పై నాలుగేండ్లొచ్చి ఇంట్లనే ఉన్నడు. డిగ్రీ చదివిండు, ఆత్మకూర్ (ఎస్)ల ఉన్న భూమిల బోరు కింద వరి పెడతడు, తాగడు, తిరుగడు. కాని వ్యవసాయం అనంగనే పిల్ల తల్లిదండ్రుల మొకాలు మబ్బు పడతయ్. సొంతంగ ఎకరం దున్ననోడు సుత అల్లుడు సాఫ్ట్‌వేర్ కావాలంటడు. అన్నం మటుకు మూడు పూటలా వరిదే తింటడు.

గసుంటి కాలంల మూడేండ్ల కింద రవికి ఒక పిల్ల నచ్చింది, ఆ పిల్లకు రవి నచ్చిండు. మిర్యాలగూడ సైదయ్య బిడ్డ సుమతి. రైస్ మిల్లుల వడ్ల తేమ చూసే ఉద్యోగం. పెండ్లిచూపులనాడు మేడ మీద ఇద్దరినీ మాట్లాడుకోమని వదిలిపెడితే, ఈసారి మీ వడ్లు ఎంత తేమల కోసిన్రు అని అడిగిందట. అసలుకే కోతకోసారి నోరు తెరిచే రవి, గా ప్రశ్నకు అరగంట మాట్లాడిండు. దిగి వచ్చేటప్పుడు ఆ పిల్ల ఫోన్ నంబరిచ్చి, వడ్లు మా మిల్లుకు తెచ్చే ముందు ఫోన్ చెయ్యండి అన్నది. రవి ఆ నంబరును పేరు పెట్టకుండ ‘తేమ’ అని దాసుకున్నడు.

సైదయ్య గడప దాకా వచ్చిండు. ఇగ ఖాయం చేసుకుందామా అన్నట్టు చూసిండు. ఈదయ్య చెప్పులేసుకున్నడు. చెప్పుల కాలు వెట్టంగనే ముప్పై ఏండ్ల అలవాటు నోట్లకెళ్లి దానంతటదే వచ్చింది: మాట్లాడుకొని చెప్పి పంపిస్తం. ఒట్టి అలవాటే అనుకుంటే తప్పు. అప్పటికి కోదాడ కాడ ఒక బ్యాంకు పిల్ల, హుజూర్‌నగర్ కాడ ఒక నర్సు పిల్ల ట్యాబులు తెరిచి ఉన్నయ్. తెరిచినయ్ అన్నీ చూడకుండ ఒకదానికి సరే అనుడు ఆయన వృత్తిధర్మానికి ఒప్పలే.

బస్సుల వస్తుంటే రవి కిటికీల చూసుకుంట నాకు నచ్చింది నాయినా అన్నడు. సరే బిడ్డా, ట్యాబు తెరిచే ఉంటది అన్నడు ఈదయ్య.

ఉన్నది. మూడేండ్లు తెరిచే ఉన్నది. సైదయ్య మొదట్ల ఒకటి రెండు సార్లు ఫోన్ చేసిండు. మీది తెరిచే పెట్టిన సైదన్నా, మీరు ఫికర్ చెయ్యకున్రి అని ఈదయ్య ధైర్యం చెప్పిండు. తర్వాత ఫోన్లు రాలే. వాళ్లకు ఎంత ఓపిక అని ఈదయ్య మెచ్చుకున్నడు. రవి ప్రతి కోతకు వడ్లు అమ్మే ముందు, మిర్యాలగూడకు చెప్పి పంపినవా నాయినా అని అడిగెటోడు. ఈదయ్య ల్యాప్‌టాపు మూత తీసి కుడి చివరకు జరిపి చూపెట్టెటోడు. అదే ఆకుపచ్చ చీర, అదే నగు, వయసు ఇరవై ఎనిమిది, అవివాహిత. యాడికి పోతదిరా, నీ ముందటనే ఉన్నది గదా అనెటోడు. రవి చూసి, తృప్తిపడి, వడ్లు సూర్యాపేట మార్కెట్లనే అమ్ముకొని వచ్చెటోడు. ‘తేమ’కు ఒక్కనాడు ఫోన్ చేసింది లేదు. పెండ్లి సంగతి నాయిన చూసుకుంటడాయె, పెద్దమనుషుల నడుమ పిల్లగాడు మాట్లాడితే ఏం బాగుంటది?

ఇట్ల ఎన్నేండ్లు నడిచేదో, దసరా వచ్చింది. పండుగనాడే ఆయుధపూజకని అహల్య ఇంట్ల ఉన్న పనిముట్లన్నీ కడిగి వరుసగ పెట్టింది. కొడవలి, మందు కొట్టే పంపు, రవి బండి తాళం. వాటి నడుమ ల్యాప్‌టాపును మూత తీసి నిలబెట్టింది. మన అన్నం దీని మీదనే గదా అని దాని నొసట కుంకుమ పెట్టింది, మూలలకు పసుపు రాసింది, బంతిపూలు పెట్టింది. ఈదయ్యకు కడుపు నిండినట్టయింది. కొబ్బరికాయ నేనే కొడత అన్నడు. ఆయన కొట్టిన దెబ్బకు కాయ సగానికి చక్కగ పలిగింది. నీళ్లు మటుకు పళ్లెంల పడలే. కీబోర్డు మీద పడ్డయ్. తెర ఒకసారి తెల్లగ మెరిసి నల్లగైంది.

 ఈదయ్య అంగి అంచుతోని నీళ్లు తుడువబట్టిండు. అహల్య నెమ్మదిగ, కొండెక్కింది అన్నది.

తెల్లారి రవి బండి మీద కార్తీక్ దుకాణానికి పోయిన్రు. పండుగ మత్తుల పండుకున్న ఆ పిల్లగాన్ని ఇంట్లకెళ్లి లేపి తెచ్చిన్రు. కార్తీక్ విప్పిండు, తుడిచిండు, గాలి కొట్టిండు, కీబోర్డు సందులల్లకెళ్లి కుంకుమ తీసిండు. పాణం ఉన్నది కాకా అన్నడు. ఈదయ్యకు తన పాణం వచ్చింది. తెర వెలిగినంక బ్రౌజరు అడిగింది, అంతకుముందు తెరిచి ఉన్న పేజీలన్నీ మళ్ల తెరవాల్నా అని. తెరువురా, అన్నీ తెరువు, ఒక్కటి ఇడిసిపెట్టకు అన్నడు ఈదయ్య.

తెరిచిండు. సూర్యాపేట కాడ మొదటి ట్యాబు గుండ్రంగ తిరిగి తిరిగి ఆగింది. ‘ఈ సభ్యురాలికి వివాహం అయినది.’ రెండోది, ఈ ప్రొఫైల్ అందుబాటులో లేదు. మూడోది, అదే. మునగాల టీచర్, వివాహం అయినది. కోదాడ బ్యాంకు పిల్ల, వివాహం అయినది, మా వెబ్‌సైటుకు కృతజ్ఞతలు అని కింద పోటువ, పోటువల ఆమె సంకన పిల్లగాడు. హుజూర్‌నగర్‌ల ఏకంగా వెబ్‌సైటే లేదు. ఈదయ్య వేలు బస్సు తొవ్వ పట్టుకొని పోతనే ఉన్నది, ఏ స్టేజీల మనిషి లేదు.

వైరస్ వచ్చిందారా అని అడిగిండు ఈదయ్య. కార్తీక్‌కు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. వైరస్ కాదు కాకా, తెరిచిపెట్టిన పేజీ తెరిచిన రోజు కాడనే ఆగి ఉంటది, మళ్ల తెప్పించుకుంటెనే ఇయ్యాల్టి సంగతి కనపడతది, నువ్వు ఇన్నేండ్లు చూసింది పాత సంగతి అని చెప్పిండు. ఈదయ్యకు సగమే అర్థమైంది. కాని ఆ సగం చాలు. తను లోపట మూత పెట్టి కాపాడుతున్న అనుకున్న పిల్లలంతా బయట పెండ్లిళ్లు చేసుకొని, పిల్లల్ని కని, వాళ్లను బడికి సుత తోలిన్రు. ముసలితనం, పెండ్లి, కాలం లేని లోకం తన ల్యాప్‌టాపుల ఒక్కదాంట్లనే ఉండె.

 రవి వంగి కుడి చివరకు చూస్తున్నడు. మిర్యాలగూడ చివరి ట్యాబు ఇంక తిరుగుతనే ఉన్నది. ఆ సున్న ఆగేదాంక దుకాణంల ముగ్గురు మొగోళ్లు తెర మీదికి వంగి నిలబడ్డరు.

ఆగింది. పేజీ ఉన్నది. అవివాహిత అనే ఉన్నది. ఆకుపచ్చ చీర లేదు. మిల్లు గేటు ముందట మెడల ఐడీ కార్డుతోని నిలబడ్డ పోటువ. వయసు ముప్పై ఒకటి. కింద ‘మీ గురించి రెండు మాటలు’ అన్న కాడ ఒక్కటే మాట ఉన్నది. కార్తీక్ గట్టిగ చదివిండు: ‘చెప్పి పంపిస్తం అనేటోళ్లు దయచేసి ఫోన్ చెయ్యొద్దు.’ చదివి నవ్విండు. రవి మొకం చూసి ఆపిండు.

రవి బండి తాళం తీసిండు. పోదాం పా నాయినా అన్నడు. ల్యాప్‌టాపును సంచిల పెట్టుకొని ఈదయ్య ఎనుక ఎక్కిండు. మధ్యాహ్నానికి మిర్యాలగూడల ఉన్నరు.

సైదయ్య అరుగు మీదనే ఉన్నడు. మొదట గుర్తుపట్టలే. పట్టినంక కుర్చీలు వేసిండు గాని తుడవలే. ఈదయ్య జేబులకెళ్లి జమ్మి ఆకు తీసి చేతుల పెట్టి, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకొని, ఇగ సుట్టూ తిప్పకుండ, మాకు పిల్ల నచ్చింది సైదన్నా, ఖాయం చేసుకుందామని వచ్చినం అన్నడు. ముప్పై ఏండ్లల్ల ఆయన నోట్లకెళ్లి వచ్చిన మొదటి సూటి మాట అది. సైదయ్య జమ్మి ఆకు దిక్కు చూసుకుంట కూసున్నడు. మాట విని లోపట ఉన్న సుమతి బయటికి వచ్చింది. చాయ్ తేలే. వచ్చి తండ్రి పక్కన నిలబడ్డది.

“అంకుల్, నేను మిల్లుల తేమ చూస్త” అన్నది. “తేమ ఎక్కువుంటే ఎక్కువున్నదని రైతు మొకం మీదనే చెప్త. తిట్టుకుంటడు, తీసుకపొయ్యి ఎండబోసుకుంటడు, మళ్ల తెస్తడు. చెప్పి పంపిస్తం అని గేటు కాడ నిలబెడితే వడ్లు ట్రాక్టర్లనే మొలకలొస్తయ్. మీరు చెప్పి పంపుతరని మా నాయిన యాడాది దాంక ఇంకో సంబంధం చూడలే.”

ఈదయ్యకు తల ఎత్త బుద్ది కాలే.  సైదయ్యకు ఇంటికొచ్చినోళ్లను చిన్నబుచ్చుడు ఇష్టం లేక, గట్ల గాదులే ఈదన్నా, మేం మాట్లాడుకొని చెప్పి పంపి... అని మధ్యల ఆగి బిడ్డ దిక్కు చూసిండు. సుమతి తండ్రి భుజం మీద చెయ్యి పెట్టింది. పెట్టి రవి దిక్కు మలిగింది.

“పెద్దాయన సంగతి పోనీ. మీకు ఫోన్ లేకుండెనా?”

“నాయిన చెప్తడనుకున్న” అన్నడు రవి.

“మూడేండ్లా?”

రవి బండి తాళం చేతుల తిప్పుకుంట నిలబడ్డడు. సుమతి జరసేపు చూసింది. ఆ చూపుల కోపం లేదు, అదే ఎక్కువ కష్టమనిపించింది ఈదయ్యకు.

“అయితే నేనే చెప్తున్న. వద్దు.”

ఆ మాట చిన్నగనే అన్నది. ముప్పై ఏండ్ల సంది మూడూళ్లు తిరిగినా ఈదయ్య చెవుల ఎన్నడూ పడని మాట. పడితే ఇల్లు కూలుతదనుకున్నడు ఇన్నొద్దులు. ఏం కూలలే. సైదయ్య లోపలికి పొయ్యి తనే చాయ్ తెచ్చిచ్చిండు. తాగి లేచిన్రు. గడప కాడ చెప్పులేసుకునేటప్పుడు ఈదయ్యకు ఏమనాల్నో తెల్వక, వస్త సైదన్నా అనబోయి, పోతున్నం అన్నడు.

వాపసు వచ్చేటప్పుడు తొవ్వల ఒక హోటల్ కాడ రవి బండి ఆపిండు. ఇద్దరి ముందట రెండు చాయ్‌లు చల్లారుతున్నయ్. ఈదయ్యకు దుఃఖమొచ్చింది. పెండ్లి చెడ్డందుకు కాదు, కొడుక్కు నచ్చిన ఒక్క మనిషిని సంచిల పెట్టుకొని తిరిగినందుకు. ల్యాప్‌టాపు తీసి బల్ల మీద తెరిచిండు. కుడి చివర మిల్లు గేటు ముందట సుమతి అట్లనే నిలబడి ఉన్నది. ఆయన వేలు ఎక్స్ గుర్తు కాడికి పోయి ఆగింది.

“మూసేద్దామా బిడ్డా?” అని అడిగిండు.

రవి తెర దిక్కు చూడలే. గ్లాసులకు చూసుకుంట, “ఉండనియ్ నాయినా. ఇంటికి పోయినంక ఆలోచించి చెప్త” అన్నడు.

ఈదయ్య కొడుకు మొకంలకు చూసిండు. ముప్పై నాలుగేండ్ల మనిషి నోట్ల తన మాట, తన గొంతుతోనే, చెప్పులేసుకొని నిలబడ్డది. ఇంకేం అడగలే. వేలు ఒత్తిండు. ముప్పై ఏండ్లల్ల ఈదయ్య తన చేతులతోని మూసిన మొదటి సంబంధం కొడుకుదే.